జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ తెరపై రంగులను, స్పష్టతను మెరుగుపరచుకోవడం ఎలా?

1982 ఏప్రిల్ 23న బ్రిటన్‌లో విడుదలైన సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ ఇప్పటికీ ఎందరో అభిమానుల ఇళ్లలో పనిచేస్తూనే ఉంది. 1986లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ సంస్థ లైసెన్సు తీసుకుని దీని ప్లస్ మోడల్‌ను ‘డీబీ స్పెక్ట్రమ్ ప్లస్’ పేరుతో మన దేశంలోనూ అమ్మింది. ఈ కంప్యూటర్‌ను ఇప్పటి టీవీకి తగిలించి చూసేవారికి వెంటనే కనిపించే ఇబ్బందులు రెండు: బొమ్మ మసకగా ఉండడం, ఒక వస్తువు రంగు పక్కనున్న వస్తువు మీదికి చతురస్రాలుగా పాకడం. ఈ రెండింటికీ కారణాలు వేరు, చేయవలసిన పనులూ వేరు. మొదటిది వీడియో సిగ్నల్‌కు సంబంధించినది. రెండోది మెమరీని పొదుపుగా వాడడానికి చేసిన ఏర్పాటు. కాబట్టి ఖరీదైన అదనపు బోర్డుల కోసం వెతికే ముందు, ఉన్న యంత్రంతోనే ఎంతవరకు వెళ్లవచ్చో వరుసగా చూడడం మంచిది. ప్రతి మెరుగుదలకూ మీరు ఏదో ఒకటి ఇచ్చుకోవలసి ఉంటుంది: ప్రాసెసర్ సమయమో, మెమరీయో, తెర నిలకడో, మిగతా యంత్రాలతో పొందికో. అతి తక్కువ నష్టంతో అతి ఎక్కువ ఫలితం ఇచ్చే పనులు ముందు వచ్చేలా కింది మెట్లను అమర్చాను.

మొదటి మెట్టు: తెర ఎలా తయారవుతుందో తెలుసుకోండి

స్పెక్ట్రమ్ తెర అడ్డంగా 256, నిలువుగా 192 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు పదహారు రంగుల్లో ఏదైనా ఇవ్వాలంటే తెర ఒక్కదానికే 24,576 బైట్లు కావాలి. కానీ అప్పట్లో అమ్మిన చిన్న మోడల్‌లో ఉన్న మొత్తం ర్యామ్ 16,384 బైట్లు మాత్రమే. అందుకే హార్డ్‌వేర్ రూపకర్త రిచర్డ్ ఆల్ట్‌వాసర్ తెరను రెండు భాగాలుగా విడదీశారు. 16384 చిరునామా నుంచి 6,144 బైట్లలో పిక్సెల్ వెలిగిందా లేదా అన్నది మాత్రమే ఉంటుంది. 22528 నుంచి 768 బైట్లలో రంగులు ఉంటాయి. ఈ రంగు బైట్లను ఆట్రిబ్యూట్లు అంటారు. తెరను 32 నిలువు వరుసలు, 24 అడ్డ వరుసల గడులుగా విభజిస్తే, 8×8 పిక్సెళ్ల ఒక్కో గడికి ఒక్కో ఆట్రిబ్యూట్ బైట్ దక్కుతుంది. మొత్తం ఖర్చు 6,912 బైట్లు.

ఆట్రిబ్యూట్ బైట్‌లో కింది మూడు బిట్లు ఇంక్ (వెలిగిన పిక్సెల్) రంగును, ఆ పై మూడు బిట్లు పేపర్ (వెలగని పిక్సెల్, అంటే నేపథ్యం) రంగును చెబుతాయి. ఏడో బిట్ బ్రైట్ (రంగును మరింత వెలిగించేది), చివరిది ఫ్లాష్ (ఇంక్, పేపర్ రంగులను తారుమారు చేస్తూ మినుకుమనిపించేది). రంగుల అంకెలు ఇవి: 0 నలుపు, 1 నీలం, 2 ఎరుపు, 3 మెజెంటా, 4 ఆకుపచ్చ, 5 సయాన్, 6 పసుపు, 7 తెలుపు. ఇంక్ అంకెకు పేపర్ అంకెను ఎనిమిదితో గుణించి కలిపి, బ్రైట్ కావాలంటే 64, ఫ్లాష్ కావాలంటే 128 చేర్చాలి. తెర పై ఎడమ మూలలో ఒక అక్షరాన్ని ప్రింట్ చేసి, ‘పోక్ 22528, 78’ (22528 చిరునామాలో 78ని రాయమనే ఆదేశం) అని ఇచ్చి చూడండి. 6, 8, 64 కలిస్తే 78 కనుక ఆ ఒక్క గడిలో మెరిసే నీలం మీద మెరిసే పసుపు అక్షరం కనిపిస్తుంది. ఇక్కడే ఒక పరిమితిని గమనించండి: బ్రైట్ బిట్ ఒక్కటే ఉంది కాబట్టి అది ఇంక్‌కూ పేపర్‌కూ ఉమ్మడి. ఒకే గడిలో మెరిసే ఎరుపును, మామూలు నీలాన్ని కలిపి పెట్టలేరు.

ఈ ఎనిమిది అంకెల వరుసలో మరో విశేషం ఉంది. అవి వెలుగు పెరిగే క్రమంలోనే ఉన్నాయి; నలుపు తెలుపు టీవీలో చూస్తే 0 నుంచి 7 వరకు బూడిద రంగు మెట్లుమెట్లుగా తేలికవుతూ పోతుంది. తర్వాత రంగులను కలిపేటప్పుడు ఈ క్రమం చాలా అక్కరకు వస్తుంది.

రెండో మెట్టు: సిగ్నల్‌ను శుభ్రం చేయండి

48కె మోడళ్లలో, అంటే 48 కిలోబైట్ల ర్యామ్ ఉన్నవాటిలో, వీడియో సిగ్నల్ ముందు ఒక రేకు పెట్టెలోని మాడ్యులేటర్‌లోకి వెళ్లి, యూహెచ్‌ఎఫ్ 36వ ఛానెల్ ప్రసారంగా మారి, యాంటెన్నా తీగ ద్వారా టీవీకి చేరి, అక్కడ మళ్లీ వీడియోగా మారుతుంది. ఈ రెండు మార్పిడుల మధ్య అక్షరాల అంచులు కరిగిపోతాయి, రంగుల పక్కన నీడలు పడతాయి. మాడ్యులేటర్‌ను తప్పించి, లోపల సిద్ధంగా ఉన్న కాంపోజిట్ వీడియోను (వెలుగు, రంగు ఒకే తీగలో వచ్చే సిగ్నల్‌ను) నేరుగా బయటికి తెచ్చుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత చౌకైన, అత్యంత ఫలవంతమైన పని. మన టీవీలు పాల్ పద్ధతిలో 50 హెర్ట్జ్ కాంపోజిట్‌ను తీసుకుంటాయి కాబట్టి బ్రిటన్ నుంచి వచ్చిన యంత్రానికైనా మార్పిడి పెట్టె అవసరం ఉండదు.

ముందు అడాప్టర్‌ను గోడ సాకెట్ నుంచి తీసేయండి. యంత్రాన్ని బోర్లించి అడుగున ఉన్న స్క్రూలు విప్పి, పై భాగాన్ని మెల్లగా కొద్దిగా మాత్రమే ఎత్తండి. కీబోర్డు నుంచి బోర్డుకు రెండు పల్చని ప్లాస్టిక్ పట్టీలు ఉంటాయి. ఏళ్ల వేడికి అవి పెళుసెక్కి ఉంటాయి కనుక వంచకుండా, నిటారుగా పైకి లాగి తీయాలి. తర్వాత టీవీ సాకెట్ ఉన్న రేకు పెట్టె మూత తీయండి. బోర్డు వైపు నుంచి అందులోకి రెండు తీగలు వస్తాయి: ఒకటి 5 వోల్టుల సరఫరా, రెండోది వీడియో. ఏది ఏదో మల్టీమీటర్‌తో తేల్చుకున్నాకే పని మొదలుపెట్టండి. రెండింటినీ సోల్డరింగ్ ఐరన్‌తో విడదీసి, 5 వోల్టుల తీగ చివరకు ఇన్సులేషన్ స్లీవ్ తొడగండి. పెట్టె లోపల సాకెట్ మధ్య పిన్నుకు అతికి ఉన్న రెసిస్టర్ కాలును ఎత్తేయండి. వీడియో తీగను ఆ మధ్య పిన్నుకు అతికించండి. టీవీలో బొమ్మ నిలకడగా లేకపోతే వీడియో తీగకు వరుసలో 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, ప్లస్ కాలు యంత్రం వైపు ఉండేలా పెట్టండి. పెట్టెను కత్తిరించకండి, సాకెట్‌ను మార్చకండి. ఎప్పుడైనా మళ్లీ అసలు స్థితికి తేగలిగేలా ఉంచడం ఇలాంటి పాత యంత్రాల పట్ల మన కనీస బాధ్యత.

బొమ్మ వచ్చి రంగు అసలే రాకపోతే, తప్పు తీగలో కాక విద్యుత్ సరఫరాలో ఉండవచ్చు. రంగు సిగ్నల్‌ను తయారుచేసే ఎల్‌ఎమ్1889 చిప్ 12 వోల్టుల మీద నడుస్తుంది. అదే సరఫరా 4116 రకం ర్యామ్ చిప్పులకూ వెళుతుంది కనుక, ఆ చిప్పుల్లో ఏదో ఒకదాని 8వ పిన్ను దగ్గర 12, 9వ పిన్ను దగ్గర 5, 1వ పిన్ను దగ్గర మైనస్ 5 వోల్టులు ఉన్నాయో లేదో కొలవండి. మీటర్ మొన జారి రెండు పిన్నులను కలిపితే ర్యామ్ చెడిపోతుంది, చేయి స్థిరంగా ఉంచండి. తెల్లగా ఉండాల్సిన తెరలో గులాబీ ఛాయో ఆకుపచ్చ ఛాయో కనిపిస్తుంటే, తొలి ఇష్యూల (బోర్డు రూపాంతరాల) బోర్డుల మీద వీఆర్1, వీఆర్2 అనే రెండు చిన్న ప్రీసెట్లు (తిప్పి సర్దుకునే రెసిస్టర్లు) ఉంటాయి. యంత్రం ఆన్ చేయగానే వచ్చే తెల్లతెరను చూస్తూ, ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో వాటిని వెంట్రుకవాసి చొప్పున తిప్పి ఛాయ పోయేదాకా సర్దండి. మూడో ఇష్యూ నుంచి ఈ ప్రీసెట్లు ఉండవు. బోర్డు మీది ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్లు నలభై ఏళ్ల నాటివైతే, అన్నిటినీ ఒకేసారి కొత్తవాటితో మార్చడం ఉత్తమం; తెర మీద పాకే అలలు చాలావరకు దాంతోనే పోతాయి.

128కె మోడల్ మీ దగ్గర ఉంటే ఈ కోతలేవీ అక్కర్లేదు, దానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లను వేర్వేరుగా ఇచ్చే ఆర్‌జీబీ సాకెట్ ఉంది. కాకపోతే యూరప్ టీవీల్లో ఉండే స్కార్ట్ సాకెట్ మన టీవీల్లో సాధారణంగా ఉండదు కాబట్టి ఆర్‌జీబీని హెచ్‌డీఎమ్‌ఐగా మార్చే పెట్టె కావాలి. మోడల్‌ను బట్టి ఆ సాకెట్ పిన్నుల అమరిక మారుతుంది. మీ మోడల్ మాన్యువల్ చూడకుండా కేబుల్ కొనకండి.

టీవీ సెట్టింగుల్లో షార్ప్‌నెస్ తగ్గించి, నాయిస్ రిడక్షన్ ఆపేసి, నిష్పత్తిని 4:3కు మార్చి, గేమ్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. తెరను సాగదీస్తే పిక్సెళ్లు కొన్ని లావుగా, కొన్ని సన్నగా కనిపించి, తర్వాతి మెట్టులో మీరు వేసే చుక్కల నేత చెడిపోతుంది.

మూడో మెట్టు: బొమ్మను గడులకు తగినట్టు మలచండి

చాలామంది ఈ మెట్టును ఫొటోను స్పెక్ట్రమ్ బొమ్మగా మార్చే కన్వర్టర్ ప్రోగ్రామ్‌కు వదిలేసి ముందుకు వెళ్లిపోతారు. నా అభిప్రాయంలో, మామూలు స్పెక్ట్రమ్ మీద అందమైన బొమ్మకూ వికారమైన బొమ్మకూ ఉన్న తేడాలో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతుంది.

మందార పువ్వు ఫొటో ఒకటి తీసుకున్నారనుకుందాం. ఎర్రని రేకులు, పచ్చని ఆకులు, వెనుక నీలాకాశం, మధ్యలోంచి పొడుచుకు వచ్చిన పసుపు కేసరం. ముందు దాన్ని 4:3 నిష్పత్తిలో కత్తిరించి, కాంట్రాస్ట్ బాగా పెంచి, 256×192కు కుదించండి. ఇప్పుడు దాని మీద 8×8 గడుల గీతలు గీసి చూడండి. రేకు అంచు ఆకును తాకే చోట, వెనుక ఆకాశం కూడా తొంగిచూస్తే ఆ గడిలో ఎరుపు, ఆకుపచ్చ, సయాన్ మూడూ ఉంటాయి. గడికి రెండు రంగులే కనుక కన్వర్టర్ ఒకదాన్ని బలవంతంగా తీసేసి, ఆకు చివరను ఎర్రగానో ఆకాశం ముక్కను పచ్చగానో మారుస్తుంది. చతురస్రాలుగా రంగు పాకడం అంటే ఇదే.

దీనికి మొదటి ఉపాయం బొమ్మను జరపడం. మొత్తం చిత్రాన్ని అడ్డంగా 0 నుంచి 7 పిక్సెళ్లు, నిలువుగా 0 నుంచి 7 పిక్సెళ్లు జరిపితే 64 స్థానాలు వస్తాయి. ప్రతి స్థానంలోనూ మూడు రంగులు పడిన గడులు ఎన్నో లెక్కించి, తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోండి. చిన్న ప్రోగ్రామ్ రాస్తే ఈ లెక్క క్షణాల్లో తేలుతుంది, ఫలితం ఆశ్చర్యపరుస్తుంది. రెండో ఉపాయం నలుపును మధ్యవర్తిగా పెట్టడం. రేకుకూ ఆకుకూ మధ్య నల్లని గీత లేదా నీడ ఉంటే, అంచు గడిలో ఒకవైపు ఎరుపు నలుపు, పక్క గడిలో ఆకుపచ్చ నలుపు సరిపోతాయి. పేపర్ అన్నిచోట్లా నలుపే అయినప్పుడు రంగు మారినట్టు కంటికి తెలుస్తుంది కానీ గడి ఆకారం తెలియదు. ఆనాటి వాణిజ్య ఆటల్లో నల్లని నేపథ్యం అంత విరివిగా కనిపించడానికి ఇదొక కారణం. మూడోది, వదులుకోవడం: ఆకాశాన్ని తీసేసి నేపథ్యాన్ని నలుపు చేస్తే పువ్వు వికసించినట్టు కనిపిస్తుంది.

తర్వాత డిథరింగ్, అంటే రెండు రంగుల చుక్కలను కలిపి నేసి మధ్య ఛాయను భ్రమింపజేయడం. ఫ్లాయిడ్–స్టైన్‌బర్గ్ వంటి పద్ధతులు ఒక పిక్సెల్‌లో మిగిలిన తేడాను పక్క పిక్సెళ్లకు పంచుతాయి. మామూలు బొమ్మలకు అవి గొప్పవే. కానీ స్పెక్ట్రమ్‌లో పక్క గడి రంగులే వేరు కావడం వల్ల ఆ తేడా గడి దాటగానే అర్థం లేని చుక్కలుగా రాలుతుంది. అందుకని 4×4 బేయర్ మ్యాట్రిక్స్ (చుక్కలు ఎక్కడ పడాలో ముందే నిర్ణయించే పట్టిక) లాంటి క్రమబద్ధమైన నేతను వాడండి, ముఖాలు, చర్మం ఉన్న చోట మాత్రం చేత్తో సరిదిద్దుకోండి. వెలుగు క్రమంలో పక్కపక్కనే ఉన్న రంగులను నేస్తే నేత కంటికి తగలదు: ఎరుపు మెజెంటా కలిసిన రేకు మెత్తగా ఉంటుంది, నలుపు తెలుపు కలిసినది గరుకుగా ఉంటుంది. కాంపోజిట్ టీవీలో ఒక పిక్సెల్ వెలిగి, ఒక పిక్సెల్ ఆరుతూ సాగే నేత కరిగి కలిసిపోతుంది, కొన్నిసార్లు లేని రంగులు కూడా మెరుస్తాయి. కాబట్టి ఎమ్యులేటర్‌లో (ఇప్పటి కంప్యూటర్‌లో స్పెక్ట్రమ్‌ను అనుకరించే ప్రోగ్రామ్‌లో) తయారుచేసిన బొమ్మను అసలు టీవీ మీద చూసి నిర్ధారించుకోండి.

నాలుగో మెట్టు: గడిని వరుసలుగా చీల్చండి

ఇక్కడి నుంచి ప్రోగ్రామింగ్ అవసరం. యూఎల్‌ఏ అనే చిప్ తెరను గీసేటప్పుడు ఒక గడి ఆట్రిబ్యూట్‌ను ఒక్కసారి చదివి గుర్తుపెట్టుకోదు. ఆ గడిలోని ఎనిమిది పిక్సెల్ వరుసల్లో ప్రతి వరుసకూ మెమరీ నుంచి మళ్లీ చదువుతుంది. కాబట్టి టీవీలో బొమ్మను గీసే కిరణం ఒక వరుసలో ఆ గడిని దాటిన తర్వాత, కింది వరుసలో మళ్లీ అక్కడికి చేరేలోపు ఆ బైట్‌ను మార్చగలిగితే, ప్రతి వరుసకూ వేరే రంగుల జత దొరుకుతుంది. 8×8 గడి 8×1 పట్టీలుగా చీలుతుంది. దీన్నే మల్టీకలర్ అంటారు. యంత్రాన్ని ఏమాత్రం మార్చకుండా దొరికే మెరుగుదలల్లో ఇదే అన్నిటికంటే విలువైనది.

సమయం లెక్క చూడండి. 48కె యంత్రంలో జెడ్80 ప్రాసెసర్ 3.5 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. టీవీ వరుస ఒకటి 64 మైక్రోసెకన్లు, అంటే 224 టీ-స్టేట్లు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు). ఫ్రేమ్‌కు 312 వరుసలు, మొత్తం 69,888. ప్రాసెసర్‌లోని రిజిస్టర్ జతలో రెండు ఆట్రిబ్యూట్లు నింపడానికి 10 టీ-స్టేట్లు, వాటిని స్టాక్ ద్వారా పుష్ చేయడానికి (స్టాక్ పాయింటర్ చూపే చోట మెమరీలో రాయడానికి) 11, కలిపి 21. ఒక వరుసలో ఇలాంటివి పది మాత్రమే పడతాయి: 210. స్టాక్ పాయింటర్‌ను మళ్లీ ఆ వరుస కుడి చివరకు తేవడానికి 10. మిగిలిన 4 టీ-స్టేట్లకు ఒక నాప్ (ఏమీ చేయని ఆదేశం). సరిగ్గా 224. అంటే ఈ పద్ధతిలో 32 నిలువు వరుసల్లో 20కి మాత్రమే వరుసవరుసకూ కొత్త రంగు ఇవ్వగలం. కోడ్ కూడా పెద్దదే. వరుసకు 44 బైట్లు, 192 వరుసలకు 8,448 బైట్లు.

కాగితం మీద ఇంత చక్కగా కుదిరిన లెక్క యంత్రంలో ఒక అడ్డంకిని ఎదుర్కొంటుంది. 16384 నుంచి 32767 వరకు ఉన్న మెమరీని యూఎల్‌ఏ, ప్రాసెసర్ పంచుకుంటాయి. యూఎల్‌ఏ తెరను చదువుతున్న సమయంలో ప్రాసెసర్ అక్కడ ముట్టుకుంటే, దాన్ని 6 టీ-స్టేట్ల దాకా ఆపేస్తుంది. ఆట్రిబ్యూట్లు ఆ ప్రాంతంలోనే ఉన్నాయి కనుక రాతల్ని తప్పించలేము. అందువల్ల మీ కోడ్‌ను, డేటాను తప్పనిసరిగా 32768కి పైన ఉంచండి. వరుసలో యూఎల్‌ఏ తెరను చదివే 128 టీ-స్టేట్లు పోగా మిగిలిన 96లో వీలైనన్ని పుష్‌లు పడేలా, కొన్ని రిజిస్టర్లను ముందే నింపుకుని సిద్ధంగా ఉండేలా క్రమాన్ని మార్చుకోండి.

పని క్రమం ఇలా ఉంటుంది. ఇంటరప్ట్ (ప్రతి ఫ్రేమ్ మొదట్లో ప్రాసెసర్‌కు అందే సంకేతం) మోడ్ 2ను అమర్చి, హాల్ట్ ఆదేశంతో ఫ్రేమ్ మొదలయ్యేదాకా ఆగండి. ఇంటరప్ట్ వచ్చిన 14,336 టీ-స్టేట్లకు తెర మొదటి పిక్సెల్ మొదలవుతుంది, అంతదాకా లెక్కించిన ఆలస్యాన్ని గానీ ఆట పనిని గానీ నడపండి. స్టాక్ పాయింటర్‌ను భద్రపరచి, ఇంటరప్టులను ఆపి, పుష్‌ల వరుసలోకి దిగండి. చివర స్టాక్‌ను పూర్వస్థితికి తెచ్చి, ఇంటరప్టులను తెరవండి. మొదటిసారి మొత్తం తెరకు చేయకండి. ఒకే ఒక నిలువు వరుసలో, ఒకే గడికి, ఎనిమిది రంగుల చారలు వచ్చేలా చేయండి. చారలు మెట్లుగా విరిగి కనిపిస్తే ఆలస్యం లెక్క కొన్ని టీ-స్టేట్లు తేడా ఉన్నట్టు; ఒక్కో నాప్ కలుపుతూ సరిచేసుకోండి. టైమింగ్‌ను కచ్చితంగా అనుకరించే ఫ్యూజ్ వంటి ఎమ్యులేటర్‌లో దీన్ని తేల్చుకున్నాక అసలు యంత్రం మీదికి తెండి.

మోడల్ మారితే లెక్క మారుతుంది. 128కె యంత్రంలో వరుసకు 228 టీ-స్టేట్లు, ఫ్రేమ్‌కు 311 వరుసలు. 48కె కోసం రాసిన కోడ్ అక్కడ వరుసకు 4 చొప్పున వెనుకబడి, కొద్ది వరుసల్లోనే రంగులన్నీ స్థానాలు తప్పుతాయి. ప్రోగ్రామ్ మొదట్లోనే ఫ్రేమ్ నిడివిని కొలిచి, తగిన కోడ్‌ను ఎంచుకోవడం సరైన పద్ధతి.

ఇదంతా మొదటి నుంచి రాయడం ఇష్టం లేనివారికి తయారైన ఇంజన్లు ఉన్నాయి. ఆండ్రూ ఓవెన్ రూపొందించిన జెడ్‌ఎక్సోడస్ ఈ దారిలో ముందు వచ్చింది. ఐనార్ సౌకాస్ చేసిన బైఫ్రాస్ట్ 18×18 గడుల ప్రాంతంలో 8×1 రంగులు ఇస్తుంది, నిర్వాణ 30 నిలువు వరుసల్లో 8×2 రంగులు ఇస్తుంది. నిశ్చల చిత్రాలకు 8×1 రకం, కదిలే ఆటలకు 8×2 రకం నప్పుతాయని నా సలహా. తెర మొత్తం 192 వరుసలూ ప్రాసెసర్ రంగులు మారుస్తూనే ఉంటే, ఆటకు మిగిలేది ఫ్రేమ్‌లోని 120 వరుసల సమయం, అంటే 26,880 టీ-స్టేట్లు మాత్రమే అని గుర్తుంచుకోండి.

మల్టీకలర్‌కు బొమ్మ కూర్చేటప్పుడు అడ్డ అంచులు, నిలువు అంచులు వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. మందార కేసరం అడ్డంగా వాలి ఉంటే దాని పసుపు, రేకుల ఎరుపు వేర్వేరు వరుసల్లో పడి ఇబ్బంది పూర్తిగా పోతుంది. నిటారుగా ఉంటే ఒకే పట్టీలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మళ్లీ ఎదురుపడతాయి. కాబట్టి నిలువు అంచులను ఎనిమిది పిక్సెళ్ల గీతల మీదికి జరపండి, అడ్డ అంచులను స్వేచ్ఛగా వదలండి.

అయిదో మెట్టు: రెండు తెరలను కలిపి కొత్త రంగులు పుట్టించండి

128కె యంత్రంలో రెండు తెరలు ఉంటాయి: ఒకటి 5వ బ్యాంకులో (మెమరీ విభాగంలో), రెండోది 7వ బ్యాంకులో. 32765 పోర్టుకు (ప్రాసెసర్ హార్డ్‌వేర్‌కు ఆదేశాలు పంపే చిరునామాకు) పంపే బైట్‌లో 8 విలువ గల బిట్‌ను మారుస్తూ ప్రతి ఫ్రేమ్‌కూ తెరలను తారుమారు చేస్తే, కన్ను రెండింటినీ కలిపి చూస్తుంది. దీన్ని గిగాస్క్రీన్ అంటారు. మెరిసే నలుపు కూడా నలుపే కనుక పదహారులో వేర్వేరుగా కనిపించే 15 రంగులను రెండేసి కలిపితే 105 మిశ్రమాలు, అసలు 15తో కలిపి 120 అవుతాయి. వాటిలో కొన్ని ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి.

నష్టం తెర మినుకుమినుకుమనడం. ఒక్కో తెర సెకనుకు 25 సార్లు మాత్రమే వస్తుంది కాబట్టి నలుపు తెలుపు కలిపి బూడిద రంగు చేయబోతే కళ్లు అలసిపోతాయి. వెలుగులో దగ్గరగా ఉన్న జతలనే వాడండి: ఎరుపు మెజెంటా, ఆకుపచ్చ సయాన్, పసుపు తెలుపు. దూరపు జత తప్పనిసరైతే పక్కపక్క గడుల్లో క్రమాన్ని తిప్పండి, ఒక గడి వెలుగుతున్న ఫ్రేమ్‌లో పక్క గడి ఆరాలి. అప్పుడు తెర మొత్తం వెలుగు సమంగా ఉండి, మినుకు తగ్గుతుంది. మెరిసే వెలుగుకు మూర్ఛ వచ్చే స్వభావం ఉన్నవారికి ఇలాంటి తెరలు ప్రమాదకరం, వారికి చూపించకండి. మీరు బొమ్మను ఇతరులకు పంచితే ఆ హెచ్చరికను మొదటి తెరపైనే పెట్టండి. కొన్ని ఎల్‌సీడీ టీవీలు ఈ సిగ్నల్‌ను ఇంటర్‌లేస్డ్ (సరి, బేసి వరుసలను విడివిడిగా పంపేది) అని పొరబడి రెండు ఫ్రేములను తామే కలిపేస్తాయి, కొన్ని ఒకదాన్ని వదిలేస్తాయి. అందువల్ల ఒక టీవీలో బాగున్నది ఇంకో టీవీలో ఉండకపోవచ్చు.

48కె యంత్రంలో రెండో తెర లేదు. 6,912 బైట్లను ఎల్‌డీఐఆర్ అనే నకలు ఆదేశంతో కాపీ చేయడానికి బైటుకు 21 చొప్పున 1,45,152 టీ-స్టేట్లు, అంటే రెండు ఫ్రేములకు పైగా పడుతుంది. కానీ పిక్సెళ్లను అలాగే ఉంచి ఆట్రిబ్యూట్లను మాత్రం మార్చవచ్చు. ఒక్కో బైట్‌ను నకలు చేసే ఎల్‌డీఐ ఆదేశాలను 768 లూప్ లేకుండా వరుసగా పేర్చండి. ఒక్కొక్కటి 16 చొప్పున మొత్తం 12,288 టీ-స్టేట్లు. ఇంటరప్ట్ నుంచి మొదటి పిక్సెల్ దాకా ఉన్న 14,336లో ఇది సుఖంగా సరిపోతుంది, ఆ సమయంలో యూఎల్‌ఏ అడ్డు కూడా ఉండదు. రెండు ఆట్రిబ్యూట్ పట్టికలకు 1,536 బైట్లు, కోడ్‌కు మరో 1,536 బైట్లు. గడికి రెండు రంగులే అన్న నియమం మారదు, కానీ ఆ రెండూ మిశ్రమ రంగులు కావచ్చు. దీపం వెలుగులో ముఖం, సూర్యాస్తమయం వంటి బొమ్మలకు ఇది చాలు.

ఆరో మెట్టు: అదనపు హార్డ్‌వేర్

పైవన్నీ చేసినా మారనిది పిక్సెళ్ల సంఖ్య. 256×192ను దాటాలంటే యూఎల్‌ఏ మారాలి. పోర్చుగల్‌లో తయారైన టైమెక్స్ కంప్యూటర్ 2048, అమెరికాలో 1983లో వచ్చిన టైమెక్స్ సింక్లెయిర్ 2068 ఆ పని అప్పుడే చేశాయి. 255 పోర్టుకు 2 పంపితే ప్రాసెసర్ సాయం లేకుండానే తెర మొత్తానికి 8×1 రంగులు, 6 పంపితే రెండు రంగుల్లో 512×192 పిక్సెళ్లు. రెండింటికీ తెర మెమరీ 12,288 బైట్లు. ఒక వరుసలో 64 అక్షరాలు స్పష్టంగా పడతాయి కాబట్టి రాతపనికి రెండోది చాలా ఉపయోగం.

రంగుల విషయంలో యూఎల్‌ఏప్లస్ అన్న ప్రమాణం ముఖ్యమైనది. 256 రంగుల్లోంచి 64ను మీరే ఎంచుకోవచ్చు. జెడ్‌ఎక్స్-యూనో వంటి కొత్త యంత్రాలు, హెచ్‌డీఎమ్‌ఐ బొమ్మ ఇచ్చే జెడ్‌ఎక్స్-హెచ్‌డీ ఇంటర్‌ఫేస్, జీసారక్స్ ఎమ్యులేటర్ దీన్ని అర్థం చేసుకుంటాయి. ముందు 48955 పోర్టుకు 64, తర్వాత 65339 పోర్టుకు 1 పంపితే ఇది మేలుకొంటుంది. ఆపై 48955కు 0 నుంచి 63 వరకు రంగు స్థానం, 65339కి రంగు విలువ పంపాలి. విలువలో పై మూడు బిట్లు ఆకుపచ్చ, మధ్య మూడు ఎరుపు, చివరి రెండు నీలం. నారింజ కావాలంటే ఆకుపచ్చ 4, ఎరుపు 7, నీలం 0 తీసుకోండి: 128, 28 కలిసి 156. మామూలు స్పెక్ట్రమ్‌లో చుక్కల నేతతోనో మినుకుతోనో తప్ప రాని నారింజ ఇక్కడ ఒక్క బైట్‌తో వస్తుంది.

ఈ 64 రంగులు 16 చొప్పున నాలుగు పళ్లేలుగా ఉంటాయి. ప్రతి పళ్లెంలో మొదటి ఎనిమిది ఇంక్‌కు, మిగతా ఎనిమిది పేపర్‌కు. గడి ఏ పళ్లెం వాడాలో బ్రైట్, ఫ్లాష్ బిట్లు నిర్ణయిస్తాయి. కాబట్టి ఫ్లాష్ బిట్ పెట్టిన గడులు మామూలు స్పెక్ట్రమ్ మీద ఆగకుండా మెరుస్తూ బొమ్మను పాడుచేస్తాయి. మీ బొమ్మ రెండు రకాల యంత్రాల మీదా చక్కగా కనిపించాలంటే ఫ్లాష్ లేని మొదటి రెండు పళ్లేలతో, అంటే 32 రంగులతో సరిపెట్టుకోండి. కొత్త రంగును ఎంచుకునేటప్పుడు దాని స్థానంలో మామూలు యంత్రం చూపే రంగుకు దగ్గర ఛాయనే తీసుకోండి: ఎరుపు స్థానంలో ఇటుక రంగు, సయాన్ స్థానంలో లేత ఆకాశపు రంగు, పసుపు స్థానంలో పసిమి ఛాయ. పళ్లెం నింపే ఆదేశాలను బొమ్మ లోడ్ అయిన తర్వాత కాక ముందే పంపండి. లేకపోతే తెర మొదట పాత రంగుల్లో వచ్చి, ఒక్కసారిగా కొత్త రంగుల్లోకి మారుతుంది.